అమెరికాలోని అయోవాలో 160 ఎకరాల వేలం: ఒకే బిట్టుగానా, ముక్కలుగానా?

ప్రశ్న: 110 ఎకరాలు సాగుభూమి, 50 ఎకరాలు వాగు పక్క అడవి, జింకల వేటకు అనువైనది. కౌలుదారు ఉన్నారు. వేలానికి ఎలా పెట్టాలి?

జవాబు 1: రెండు ముక్కలు చేసి, విడిగానూ కలిపీ పాడే వీలు పెట్టండి. సాగుకు పక్క రైతు, అడవికి వేటగాళ్లు వస్తారు. కానీ ముందు సర్వే చేయించి, పొలం అంచున అడవిలోకి దారి హక్కు రిజిస్టర్ చేయించండి. ట్రక్కు వెళ్లే దారి లేకపోతే పాట లేవదు, ఇక్కడే చాలామంది నష్టపోతారు.

జవాబు 2: కౌలు రద్దు నోటీసు సెప్టెంబర్ 1లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తప్పితే మార్చి 1 నుంచి మరో ఏడాది అదే కౌలు. అది కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

జవాబు 3: అప్పుంటే రిజర్వు ధర (అంతకన్నా తక్కువకు అమ్మనని ముందే పెట్టుకునే ధర) పెట్టుకోండి. అబ్సల్యూట్ వేలంలో ఎంత పలికినా ఇచ్చేయాల్సిందే. సీఆర్‌పీ (భూమిని సాగు చేయకుండా వదిలితే ప్రభుత్వం ఏటా డబ్బిచ్చే పథకం) ఒప్పందం ఉందా? కొన్నవాళ్లు కొనసాగించకపోతే, అందుకున్న సొమ్ము మీరే వడ్డీతో కట్టాలి.