సుగ్గికి పోవడం, వలస పోవడం ఒకటేనా?

మాది కర్నూలు. సోషియాలజీ పిల్లలకు జనాభా, పట్టణీకరణ పాఠానికి తెలుగులో నోట్స్ రాస్తున్నాను. ‘మైగ్రేషన్’ వచ్చిన ప్రతిచోటా ‘వలస’ అని రాసుకుంటూ పోతుంటే కోసిగి పక్క అమ్మాయి ఒకతె, "మావాళ్లు వలస పోలేదు సార్, సుగ్గికి పోయినారు" అంది. ఇది ఊరి మాట తేడానేనా, అర్థంలో కూడా ఉందా?

*జవాబు (ఆదోని):*

అర్థంలోనే ఉంది. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, సంక్రాంతిని వాళ్లు సుగ్గి హబ్బ అనే అంటారు. బళ్లారి, రాయచూరు పక్కనే కాబట్టి మాట మనకూ వచ్చింది. కాకపోతే ఆదోని, కోసిగి, మంత్రాలయం పక్క చేనులో పంట ఉండదు, కోతలు ఇంకొకరి ఊర్లో ఉంటాయి, అందుకని సుగ్గి అంటే గుంటూరు పక్క పత్తి తీయడానికో మిరప కోయడానికో పోవడం అయిపోయింది. పండగ మాట కరువు మాట కావడం నాకైతే మింగుడుపడదు, సరే.

ఇందులో తిరిగి వస్తామన్న మాట కూడా ఉంది. ఇల్లు, రేషన్ కార్డు, ఓటు అన్నీ ఊర్లోనే. సోషియాలజీలో దీన్ని సీజనల్ లేదా సర్క్యులర్ మైగ్రేషన్ అని వేరుగా చూస్తారు. 2007-08 జాతీయ నమూనా సర్వేలో ఇలాంటివాళ్ల కోసం విడిగా ఒక నిర్వచనమే పెట్టారు: ఏడాదిలో పని కోసం నెల లేదా అంతకు మించి, కానీ ఆరు నెలల లోపు, ఊరు విడిచి ఉన్నవాళ్లు అని.

జనాభా లెక్కల దారి వేరు. వాళ్లు పుట్టిన చోటు, అంతకుముందు నివాసమున్న చోటు అడుగుతారు. పత్తికొండ పిల్లను డోన్‌కు ఇస్తే ఆమె అక్కడున్నన్నాళ్లూ ఆ లెక్కలో వలస మనిషే. మన దేశంలో ఆడవాళ్ల వలసకు అన్నింటికన్నా పెద్ద కారణం పెళ్లే. మనం మాత్రం కాపురానికి పోయింది అంటాం, వలస అని ఎవరం అనం. మిరప కోతలకు పోయి ఎండాకాలానికి ఇంటికొచ్చిన మనిషేమో ఆ లెక్కలో వలసగా కనపడటం కష్టం, 2011 లెక్కలు తీసింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు, సరిగ్గా మిరప కోతలప్పుడు! ఆ రోజులన్నీ బయటే ఉన్నవాళ్లను ఎక్కడుంటే అక్కడే రాసుకోవాలని నియమం, చేను గట్టు మీద గుడిసె దాకా ఎవరు పోతారో మీరే ఆలోచించండి.

*(అనంతపురం):* మా పక్క బెంగళూరుకు పోతారు, దాన్ని వలస అనే అంటాం. అయినా పల్లె వదిలి పట్నం పోతేనే కదా వలస? పట్టణీకరణ అంటే అదే కదా?

*(ఆదోని):*

కాదన్నా, అక్కడే అందరం తడబడతాం. సుగ్గి పల్లె నుంచి పల్లెకు, అందులో పట్నమే లేదు. 1885లో రావెన్‌స్టీన్ అనే భూగోళ శాస్త్రవేత్త బ్రిటన్ జనాభా లెక్కలు చూసి, ఎక్కువమంది దగ్గరి చోట్లకే పోతారు, పోయే ప్రవాహం ఉన్నచోట దానికి ఎదురు ప్రవాహమూ ఉంటుంది అన్నాడు. ఇక పట్టణీకరణ అంటే మొత్తం జనాభాలో పట్టణాల్లో ఉండేవాళ్ల వాటా పెరగడం. మన దేశంలో అది 2001లో 27.8 శాతం, 2011లో 31.2. పట్నంలో జనం పెరిగినా పల్లెల్లోనూ అదే వేగంతో పెరిగితే పట్టణీకరణ జరిగినట్టు కాదు.

పెరిగినదంతా వలస వల్లా కాదు. పట్నంలో పుట్టేవాళ్లు ఉన్నారు, పల్లెనే పట్టణంగా రాసుకోవడం ఉంది. 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, మగ కార్మికుల్లో 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉంటే ఆ పంచాయతీ జనాభా లెక్కల్లో పట్టణమే. దేశంలో అలాంటివి 2001లో 1,362, 2011లో 3,894. కల్లూరు కర్నూలు కార్పొరేషన్‌లో కలిసినప్పుడు ఎవరైనా మూట సర్దుకున్నారా?

*(కడప):* రాయచోటి, రాజంపేట పక్క కువైట్‌లో ఉన్నాడు అంటామే గానీ వలస అనేది పేపర్లోనే. వలస పక్షులు, వలస పాలన, వలస కూలీలు, అన్నింటికీ ఒకటే మాట పాపం.

*(ఆదోని):* అందుకే సార్, నోట్స్‌లో సర్క్యులర్ మైగ్రేషన్ దగ్గర ‘సుగ్గి వలస’ అని రాయండి. ‘చక్రీయ వలస’ అంటే పిల్లలకు సైకిల్ గుర్తొస్తుంది.