భయపడి కరిచే కుక్కని ఊరికి పంపేయడం న్యాయమేనా?

చుక్క వాళ్లమ్మ (విజయనగరం):

నమస్కారం అండీ. నెల రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. బయటివాళ్లు ఏమంటారో వినాలని రాస్తున్నాను. తిట్టినా పర్వాలేదు.

మాది తోటపాలెం. మా చుక్క నాటు కుక్క, ఆడది. మూడేళ్ల కిందట వానల్లో కాలవ పక్కన దొరికింది. అప్పటికే నాలుగైదు నెలల పిల్ల. చీపురు తీసినా భయంతో ఉచ్చ పోసేసుకునేది. ఇంట్లో మా ముగ్గురి దగ్గర మాత్రం ఎంతో మెత్తగా ఉంటుంది. మా అత్తగారు మంచం మీద కూర్చుంటే ఆవిడ కాళ్ల దగ్గర చేరి పడుకుంటుంది. కొత్త మనిషి గేటు తీస్తే చాలు, ఒళ్లంతా బిగుసుకుపోయి మీదికి ఉరుకుతుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకే, ఊరు లేవకముందే దాన్ని తిప్పి తీసుకొచ్చేస్తాను. ఏ ఇంటి కుక్క ఎప్పుడు బయటికొస్తుందో, పాల ప్యాకెట్ల అబ్బాయి ఏ సందులోంచి తిరుగుతాడో నాకు కంఠతా వచ్చు. గేటు గొళ్లెం చప్పుడు ఇప్పుడు దానికంటే ముందు నాకే వినిపిస్తోంది. వినగానే గుండె దడ మొదలవుతుంది. మా చెల్లెలు రావడం మానేసింది. పేరంటానికి ఎవరినీ పిలవలేను కాబట్టి నన్నూ పిలవడం తగ్గించేశారు. పోయిన ఏడు మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఇంటినిండా చుట్టాలు. నేను వెనక గదిలో తలుపేసుకుని, ఫ్యాను పెద్దగా పెట్టి, దాని వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను. పూజారి కూర్చునే ఆ పొడుగాటి మాను, సిరిమాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగింది. ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, ఒక్కసారీ చూడలేదు.

పోయిన నెల మా అన్నయ్య కొడుకు, ఆరేళ్లవాడు, బంతి కోసం పరిగెత్తుకుంటూ ఆ గదిలోకి వెళ్లిపోయాడు. తలుపు గడియ సరిగ్గా వెయ్యనిది నేనే. చేతి మీద రెండు పళ్లు దిగాయి. సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాం. చుక్కకి ఏటా టీకా వేయిస్తాం, అయినా బాబుకి ఇంజక్షన్లు తప్పలేదు. వదిన నాతో మాట్లాడటం లేదు. మావారు దాన్ని చీపురుపల్లి దగ్గర మా ఊరి మామిడితోటలో వదిలేద్దామంటున్నారు. ఆయన చెడ్డమనిషి కాదండీ, అలిసిపోయారు. నేనూ అలిసిపోయాను. పంపడం న్యాయమా, ఉంచుకోవడం నా పంతమా?

ఇద్దరు పిల్లల తల్లి (రాజాం):

అమ్మా, మీ బాధ చదివాను. అయినా నా మాట సూటిగానే చెప్తాను. పంపేయండి.

మా పాపకి ఎనిమిదేళ్లప్పుడు పక్కింటి కుక్క పిక్క పట్టుకుంది. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు ఆసుపత్రికి తిరిగాం. ఆ నాలుగుసార్లూ పాప నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో నాకే తెలుసు. పక్కింటావిడ వచ్చి, "పాపం అది భయపడి కరిచింది" అంది. నిజమే అయ్యుండొచ్చు. ఇప్పటికీ మా పాప కుక్క కనిపిస్తే రోడ్డు దాటి అవతలికి వెళ్తుంది. ట్యూషన్‌కి ఒక్కత్తీ వెళ్లదు. కుక్క భయానికి ఇంతమంది మందులు చెప్తారు, మా పాప భయం సంగతి ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

ఆరేళ్ల బాబు మొహం కుక్క నోటికి ఎంత ఎత్తులో ఉంటుందో ఒకసారి ఆలోచించండి. ఈసారి చెయ్యి దొరికింది.

మామిడితోట బావు:

చీపురుపల్లి దగ్గర్లోనే మాకూ తోట ఉంది. నాలుగు కుక్కలున్నాయి. గొలుసుల్లేవు, గోల లేదు. రాత్రి కాపలా కాస్తాయి, పగలు చెట్టు కింద పడుకుంటాయి. టౌన్‌లో నాలుగ్గోడల మధ్య పెట్టి దాన్ని పిచ్చెక్కిస్తున్నారు తల్లీ. ఊళ్లో వదిలితే వారంలో అదే సర్దుకుంటుంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

బావు గారూ, వారంలో సర్దుకుంటుందని నాకూ ఇలాగే ఒకరు చెప్పారు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మేం పలాసలో ఉండేవాళ్లం. ఆ రాత్రి రేకులు లేచి కొట్టుకున్న చప్పుడు మా రాముడి చెవుల్లోంచి ఇంక పోలేదు. అప్పటికి వాడికి ఏడాది. ఆ తర్వాత గాలి వీస్తే మంచం కిందికి దూరేవాడు, బయటికి లాగితే కరిచేవాడు. నన్ను రెండుసార్లు, మా నాన్నని ఒకసారి కరిచాడు. శ్రీకాకుళం మారాక అద్దె ఇంటాయన ఒప్పుకోలేదు. 2020లో ఆమదాలవలస దగ్గర బంధువుల కళ్లంలో వదిలొచ్చాను.

ఆ రాత్రి రెండేళ్ల తర్వాత మొదటిసారి హాయిగా నిద్రపోయాను. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను. మూడో రోజు ఆ ఊళ్లో పెళ్లి ఊరేగింపు, బాణాసంచా. తాడు తెంపుకుని పారిపోయాడు. నాలుగు రోజులు ఏటి గట్టు పొడుగునా తిరిగాను. దొరకలేదు.

భయపడే కుక్క ఊళ్లోకి వెళ్తే దాని భయం కూడా వెంటే వెళ్తుందమ్మా. అక్కడ తలుపు వెయ్యడానికి మీరుండరు. మిగతా నాలుగు కుక్కలూ దాన్ని రానివ్వాలి కదా. అక్కడా పిల్లలుంటారు, వాళ్లకి దీని సంగతి తెలియదు. ఇంకోటి, ఆకలిదప్పులకి మాడేలా జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. చూసుకునే మనిషి ఉన్నచోటికి అప్పగించడం వేరు, తోటలో వదిలెయ్యడం వేరు.

గరివిడి విద్యార్థి:

నేను గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. ఇంకా డాక్టరుని కాలేదు, కాబట్టి నా మాటని మీ డాక్టరు గారితో సరిచూసుకోండి.

కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఒక దశ ఉంటుంది. ఆ రోజుల్లో చూసిన మనుషులూ విన్న చప్పుళ్లూ దానికి మామూలు సంగతులు అయిపోతాయి. చుక్క మీ చేతికి వచ్చేసరికి ఆ దశ దాటిపోయింది. మీ పెంపకంలో లోపం ఉందని దయచేసి అనుకోవద్దు అక్కా.

ఇంకో సంగతి. పొయ్యి మీద పాలు ఒక్కసారిగా పొంగవు కదా. పొద్దున్న కొరియర్ వచ్చాడు, మధ్యాహ్నం పక్కింట్లో డ్రిల్లింగ్, సాయంత్రం చుట్టాలు. ఒక్కోటీ కాస్త వేడి పెంచి వెళ్తుంది. చివరికి బాబు పరిగెత్తుకొచ్చాడు, పొంగింది. చూసేవాళ్లకి "ఉన్నట్టుండి కరిచింది" అనిపిస్తుంది. అంతకుముందే చెవులు వెనక్కి పెట్టడం, పెదాలు నాక్కోవడం, కళ్లలో తెల్లగుడ్డు కనిపించడం జరిగే ఉంటాయి. గుర్రుమంటే మాత్రం కొట్టకండి. గుర్రు మానేస్తుంది గానీ భయం మానదు. అప్పుడు చెప్పకుండా కరుస్తుంది.

ముందు ఒంట్లో నొప్పి ఏమైనా ఉందేమో చూపించండి. చెవి, పన్ను, తుంటి. నొప్పితో కరిచే కుక్కలు చాలా ఉంటాయి. భయానికి మందులూ ఉన్నాయి. మనుషులకి ఇచ్చే ఫ్లూయోక్సెటిన్‌నే డాక్టర్లు కుక్కలకీ రాస్తారు. మత్తు కోసం ఇచ్చేది కాదు. పనిచెయ్యడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సొంతంగా కొని వెయ్యకూడదు. దాంతోపాటు భయపడేదాన్ని చాలా దూరం నుంచి చూపిస్తూ తిండి పెట్టాలి. దూరం తగ్గించడానికి నెలలు పట్టొచ్చు.

మజిల్ అలవాటు చెయ్యండి. మన ఎద్దులకి కట్టే చిక్కం లాంటిదే, బుట్టలా ఉండేది తీసుకోండి. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండాలి. నోటిని బిగించే గుడ్డది వద్దు.

ఇద్దరు పిల్లల తల్లి:

బాబూ, బాగా చెప్పావు. కానీ ఆ ఆరు వారాలూ, ఆ నెలలూ పిల్లలు ఎక్కడుండాలి? ఒక గడియ మరిచిపోతేనే ఇంత జరిగింది. మనిషన్నాక మరిచిపోతుంది.

నాగావళి గట్టు గారూ, మీ రాముడి సంగతి చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. తోటలో వదిలెయ్యమన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఉంచుకుంటే ఒక్క అడ్డు మీద నమ్మకం పెట్టుకోకండి. పిల్లలొచ్చే రోజు కుక్కకీ పిల్లలకీ మధ్య రెండు తలుపులుండాలి. మజిల్ ఉన్నా సరే, ఒకే గదిలో వద్దు. మీ వదిన మీద కోపం పెట్టుకోకండి. ఆవిడ మాట్లాడే వరకూ మీరే ఫోన్ చేస్తూ ఉండండి. మా పక్కింటావిడ ఆ ఒక్కరోజు తర్వాత మళ్లీ పాప ఎలా ఉందని అడగలేదు. కాటు కంటే అదే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

మామిడితోట బావు:

ఆ కోణంలో నేను ఆలోచించలేదు. నా కుక్కలు అక్కడే పుట్టాయి, వాటికి ఆ గోల అలవాటు. మీదాన్ని తెచ్చి ఆ నాలుగింటి మధ్య పడేస్తే ఏమవుతుందో నేను పూచీ పడలేను తల్లీ.

చుక్క వాళ్లమ్మ:

అందరికీ దండాలు. పది రోజులకి మళ్లీ రాస్తున్నాను.

రాజాం అక్క చెప్పాక రోజూ సాయంత్రం వదినకి ఫోన్ చేశాను. మూడు రోజులు ఎత్తలేదు. నాలుగో రోజు ఎత్తింది. "కుక్కది తప్పు కాదండి" అనే మాట ఈసారి నా నోట రాలేదు. గడియ వెయ్యనిది నేనేనని చెప్పి, బాబు నిద్రలో ఉలిక్కిపడుతున్నాడా అని అడిగాను. ఇద్దరం ఏడ్చాం. మా ఇంటికి మాత్రం ఇప్పట్లో తీసుకురానంది. సరే అన్నాను, నిజంగానే సరే.

డాక్టరు గారికి చూపించాం. నొప్పులేమీ లేవన్నారు. మందు మొదలుపెట్టారు. ఇంకా తేడా ఏమీ లేదు. మజిల్ లోపల పెరుగన్నం రాసి పెడుతున్నాను. మూతి దానంతట అదే పెడుతోంది, బెల్టు పెట్టబోతే వెనక్కి పోతోంది.

మావారిని మూడు నెలల గడువడిగాను. ఈలోగా మళ్లీ ఎవరి మీదైనా పళ్లు దిగితే, దాని సంగతంతా తెలిసి, పిల్లల్లేని ఇల్లు ఎవరిదైనా ఉంటే అక్కడికి పంపడానికి ఒప్పుకున్నాను. అలాంటి ఇల్లు దొరుకుతుందని నాకు నమ్మకం లేదు. ఆ మాట ఆయనకీ చెప్పాను.

ఈ ఏడు సిరిమాను ముందు రోజు జరిగే తొలేళ్లకి ఒకరోజు ముందే చుక్కని తీసుకుని నెల్లిమర్లలో ఖాళీగా ఉన్న మా పిన్ని వాళ్ల ఇంటికి వెళ్లిపోతాను. చుట్టాల వంట సంగతి మా తోటికోడలు చూసుకుంటానంది. సిరిమాను తిరిగే మంగళవారం మధ్యాహ్నం మావారు నెల్లిమర్ల వచ్చి చుక్క దగ్గర కూర్చుంటారట. నన్ను బస్సెక్కి సిరిమాను చూసి రమ్మన్నారు.