గాలిమర రెక్కలు ఎందుకు అరిగిపోతాయి?

ప్రశ్న (ఉరవకొండ నుంచి)

మా ఊరి దగ్గరి గాలిమరల రెక్కలకు తాళ్ల మీద వేలాడుతూ మరమ్మతు చేస్తున్న పనివాళ్లను ఈ వేసవిలో చూశాను. గాలిని చీల్చుకుంటూ పోయే ముందంచు మీద, అదీ కొస వైపున, రంగు లేచిపోయి గుంటలు పడి ఉంది. మొదలు వైపు మాత్రం కొత్తదానిలా ఉంది. గాలిలో తిరగడమే తప్ప దేనినీ తాకని రెక్క ఇలా ఎందుకు అరుగుతుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1

కొస వేగాన్ని లెక్కగడితే కారణం తెలుస్తుందండి. 120 మీటర్ల వ్యాసంతో నిమిషానికి 13 చుట్లు తిరిగే గాలిమరలో రెక్క కొస సెకనుకు సుమారు 82 మీటర్లు, అంటే గంటకు 295 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రెక్క నడిమికి వచ్చేసరికి ఆ వేగం సగమే. అంత వేగంలో ఎదురైన వాన చినుకుకు పక్కకు జారే వ్యవధి ఉండదు కనుక, తాకిన చోట రెప్పపాటులో అతి చిన్న వంతు సేపు 100 మెగాపాస్కళ్ల స్థాయి (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు) ఒత్తిడి పుడుతుంది. ఒక దెబ్బతో ఏమీ కాదు. ఏళ్ల తరబడి లక్షల చినుకులు తాకగా, పదే పదే వంచిన తీగ తెగినట్టు, పైపూత అలసి, దానికీ లోపలి గాజునార పొరకూ మధ్య పట్టు సడలి, చిన్న చిన్న పెచ్చులుగా ఊడిపోతుంది. ఒకసారి గుంట పడ్డాక అరుగుదల వేగం పెరుగుతుంది.

జవాబు 2

పై వివరణ సరైనదే కానీ, వానలు తక్కువగా పడే అనంతపురం ప్రాంతంలో గాలితో లేచే దుమ్మును విడిచిపెట్టకూడదు. ఇసుక రేణువులు పూతను నేరుగా గీరుతాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని పెళుసుబారుస్తాయి. ఇవి పైపైన కనిపించేవి. రెక్క తన బరువుకు తానే ప్రతి చుట్టులోనూ ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగుతుంది; ఇరవై ఏళ్లలో అది పది కోట్ల సార్లకు మించుతుంది. అందువల్ల వెనకంచు జిగురు అతుకుల్లో వచ్చే పగుళ్లు నా దృష్టిలో ముందంచు గుంటల కన్నా ప్రమాదకరమైనవి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పైపూత మాత్రమే పోతే విద్యుత్తు ఉత్పత్తికి నష్టం ఉంటుందా?

జవాబు 3

ఉంటుందండి. ముందంచు గరుకైతే రెక్కను అంటి సాఫీగా సాగవలసిన గాలి ముందుగానే చెదిరి, ఎత్తే బలం తగ్గి, వెనక్కి లాగే బలం పెరుగుతుంది. అరుగుదల తీవ్రమైతే ఏడాది ఉత్పత్తిలో కొన్ని శాతం పోతుంది. డెన్మార్క్ సముద్రంలో 2013లో పూర్తయిన ఆన్‌హోల్ట్ గాలిమరల కేంద్రంలో దాదాపు ఐదేళ్లకే రెక్కల ముందంచులకు మరమ్మతు అవసరమైంది. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ రకం పూత గానీ టేపు గానీ వేసి ముందంచును కాపాడవచ్చు. అయితే అవి గట్టిగా అంటుకోవాలంటే రెక్క పొడిగా ఉండాలి, గాలిమరను ఆపి ఉంచాలి. మీ ప్రాంతంలో గాలి బలంగా వీచేది నైరుతి రుతుపవనాల నెలల్లో కనుక, ఆ ఉత్పత్తిని పోగొట్టుకోకుండా జూన్‌కు ముందే ఈ పని ముగించడం మేలు.