అను–యూనికోడ్ కన్వర్టర్ గిట్‌హబ్‌లో ఉంది, గూగుల్‌లో మాత్రం దొరకదు. ఎక్కడ తేడా కొడుతోంది?

లిపిమార్పు:
అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) టైప్ చేసిన మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి (ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే అక్షరాల పద్ధతి) మార్చే టూల్ ఇది. ఎంఐటీ లైసెన్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు), కోడంతా గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టి పంచుకునే సైట్) ఉంది. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, మ్యాటర్ ఏ సర్వర్‌కీ పోదు. డాక్యుమెంటేషన్ డాక్సిఫైతో (డాక్యుమెంట్లని సైట్‌గా చూపించే టూల్) చేసి గిట్‌హబ్ పేజెస్‌లో (గిట్‌హబ్ ఇచ్చే వెబ్‌సైట్ జాగా) పెట్టాం, మొత్తం 14 పేజీలు. గూగుల్‌లో సైట్ కోలన్ (ఒక్క సైట్ పేజీలే చూపించే పద్ధతి) కొట్టి మా అడ్రస్ ఇస్తే హోమ్ పేజీ ఒక్కటే వస్తోంది. టూల్ పేరు కొడితే రిపో (గిట్‌హబ్‌లో మా కోడ్ ఉన్న చోటు) కనపడుతుంది గానీ, ఇంగ్లిష్ అక్షరాల్లో "అను టు యూనికోడ్" అని కొడితే ఎక్కడా లేదు. విడిగా వికీ రాశాం, అదీ రాదు. రిపోకి టాపిక్స్, పేజీలకి మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో రాసే వెతుకుడు మాటలు) అన్నీ పెట్టాం. యాడ్స్‌కి డబ్బు పెట్టే ఉద్దేశం లేదు. ఇంకేం చేయాలి?

కమిట్‌రావు:
ముందు మీ పేజీల అడ్రసులు చూడండి. మధ్యలో # ఉంది కదా, గొడవంతా అక్కడే. # తర్వాత ఉన్న ముక్కని బ్రౌజర్ సర్వర్‌కి పంపదు, గూగుల్ దాన్ని వేరే పేజీగా లెక్కలోకి తీసుకోదు. అంటే మీ 14 పేజీలూ దానికి ఒకటే పేజీ. డాక్సిఫై డీఫాల్ట్‌గా ఇలాగే పనిచేస్తుంది.

"రౌటర్ మోడ్‌ని హిస్టరీకి మారిస్తే సరి" అని ఎవరైనా చెప్తారు (అడ్రసుల్లో # లేకుండా చేసే సెట్టింగ్ అది), తొందరపడకండి. గిట్‌హబ్ పేజెస్‌లో ఆ అడ్రసులకి అసలు ఫైళ్లు ఉండవు. అందుకని ఇండెక్స్ ఫైల్‌నే (హోమ్ పేజీది) కాపీ చేసి 404 ఫైల్‌గా (అడిగిన పేజీ లేనప్పుడు చూపించేది) పెడతారు. చూసేవాళ్లకి పేజీ శుభ్రంగా తెరుచుకుంటుంది, కానీ సర్వర్ ఇచ్చే స్టేటస్ 404, అంటే పేజీ లేదని. 404 వచ్చిన పేజీని గూగుల్ ఇండెక్స్ చేయదు, అంటే తన జాబితాలో చేర్చుకోదు. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో మొదటి వరస చూస్తే మీకే తెలిసిపోతుంది.

ప్రతి పేజీకీ నిజమైన హెచ్‌టీఎంఎల్ ఫైల్ తయారయ్యే దానికి మారండి. ఎంకేడాక్స్ అనే టూల్ చాలు, మీ మార్క్‌డౌన్ ఫైళ్లు (మామూలు టెక్స్ట్‌లో గుర్తులు పెట్టి రాసినవి) దాదాపు ఉన్నవి ఉన్నట్టే పనికొస్తాయి. సైడ్‌బార్ మాత్రం కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌లో న్యావ్, అంటే మెనూ జాబితా కింద మళ్లీ రాసుకోవాలి. డాక్సిఫైలో ఆశ్చర్యార్థకం, ప్రశ్నార్థకం పెట్టి రాసిన హెచ్చరిక డబ్బాలు ఇక్కడ డబ్బాల్లా రావు, ఉత్త అక్షరాలుగా మిగిలిపోతాయి, వెతికి మార్చుకోండి. కాన్ఫిగ్‌లో సైట్ యూఆర్ఎల్ నింపడం మర్చిపోవద్దు. అది ఖాళీగా ఉంటే కెనానికల్ ట్యాగ్ (పేజీ అసలు అడ్రస్ ఇదీ అని చెప్పేది) రాదు, సైట్‌మ్యాప్‌లో (సైట్ పేజీల జాబితా) పూర్తి అడ్రసులు పడవు.

పాత లింకులు ఎక్కడెక్కడో షేర్ అయి ఉంటాయి. # భాగం సర్వర్‌కి చేరదు కాబట్టి అక్కడ రీడైరెక్ట్ పెట్టే దారి లేదు. హోమ్ పేజీలో నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ రాసి, # తర్వాత ఉన్నది చదివి, కొత్త అడ్రస్‌కి పంపేయండి.

మిగతావి గబగబా: మెటా కీవర్డ్స్ చూడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది, తీసేయండి. గిట్‌హబ్ వికీలు సెర్చ్ ఇంజిన్లలోకి రావాలంటే రిపోకి కనీసం 500 స్టార్లు (నచ్చినవాళ్లు నొక్కే గుర్తులు) ఉండాలి, పైగా బయటివాళ్లు ఎడిట్ చేయకుండా సెట్ చేసి ఉండాలి. అంతదాకా ఆగేకంటే వికీలో ఉన్నదంతా డాక్స్‌లోకి తెచ్చేయడం మేలు. రిపో డిస్క్రిప్షన్ వాక్యమే ఆ పేజీ టైటిల్‌లోకి వెళ్తుంది. కాబట్టి అక్కడ "తేలికైన, వేగవంతమైన" లాంటివి కాకుండా టూల్ ఏం చేస్తుందో రాయండి.

డీటీపీ_సెంటర్:
పైన చెప్పినవన్నీ చేయాల్సినవే. కానీ అవన్నీ చేసినా మీ రీడ్‌మీ (రిపోలో ఉండే పరిచయం) చదివేది ఎవరు? ఈ టూల్ కావాల్సింది ప్రోగ్రామర్లకి కాదు. శుభలేఖలు, కరపత్రాలు, పేపర్ యాడ్స్ కొట్టే డీటీపీ వాళ్లకి. వాళ్లు "ఎన్‌పీఎం ఇన్‌స్టాల్" లాంటి ప్రోగ్రామర్ల కమాండ్ చూడగానే వెనక్కి పోతారు. వాళ్లకి కావాల్సినవి రెండు పెట్టెలు, ఒక బటన్. అవి హోమ్ పేజీలోనే, పేజీ తెరవగానే కనపడాలి. ఇన్‌స్టలేషన్, ఏపీఐ ఇవన్నీ లోపలి పేజీలకి తోయండి.

పెట్టెల కింద రెండు మూడు వందల మాటల మ్యాటర్ ఉండాలి. ఉత్త పెట్టెలే ఉంటే ఈ పేజీ దేనికో గూగుల్‌కి అంతుపట్టదు. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అన్న లైను అను కోడ్‌లో ఎలా ఉంటుంది, మారాక ఎలా వస్తుంది, ఒకదాని కింద ఒకటి చూపించండి. స్క్రీన్‌షాట్ వద్దు, టెక్స్ట్‌గానే పెట్టండి.

జనం వెతికేది టూల్ పేరుతో కాదు, పనితో. మామూలు తెలుగు మాట పేరుగా పెట్టారనుకోండి, ఉదాహరణకి వారధి అని, వెతికితే బెజవాడ కనకదుర్గ వారధి వస్తుంది. పేరు మార్చక్కర్లేదు, టైటిల్‌లో ముందు పని రాసి పేరు చివరికి నెట్టండి.

ఇంకోటి. యూనికోడ్ నుంచి అనూకి మార్చే పని కూడా మీ టూల్ చేస్తే దానికి విడిగా పేజీ కావాలి. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్ అందులో పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాల వరస వస్తుంది. ఆ అవసరం ఉన్నవాడు వెతికే మాటలు వేరు, రెండూ ఒకే పేజీలో కుక్కితే రెండిటికీ సరిగ్గా రాదు. అలాగే యూనికోడ్‌లోకి మార్చాక ఇన్‌డిజైన్‌లో (పేజీలు పేర్చే అడోబీ సాఫ్ట్‌వేర్) వత్తులు విడిపోతున్నాయని అడిగేవాళ్లుంటారు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకుంటే సరిపోతుంది. ఈ ఒక్క సమస్య మీద పేజీ రాయండి, అది చదవడానికి వచ్చినవాడే టూల్ వాడతాడు. మీ రిపో ఇష్యూస్‌లో (వాడేవాళ్లు సమస్యలు రాసే చోటు) జనం ఏ మాటలతో అడిగారో అవే హెడ్డింగులు చేయండి.

గోదారి_బిల్డ్స్:
టూల్‌కి సాఫ్ట్‌వేర్ అప్లికేషన్ స్ట్రక్చర్డ్ డేటా (గూగుల్ చదవడానికి పేజీ కోడ్‌లో రాసే వివరాలు) పెడితే చుక్కల రేటింగ్ వస్తుంది కదా, ఎవరూ చెప్పలేదే?

కమిట్‌రావు:
దానికి ధరతో పాటు (ఉచితమైతే 0) రేటింగ్ గానీ రివ్యూ గానీ తప్పనిసరి. నిజమైన రివ్యూలు లేకుండా మీరే 4.8 అని రాసుకుంటే అది నిబంధనలకి విరుద్ధం, మాన్యువల్ యాక్షన్ (సైట్ మీద గూగుల్ తీసుకునే చర్య) పడొచ్చు. ప్రశ్న–జవాబుల మార్కప్ సంగతీ అంతే. 2023 ఆగస్టులోనే దాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేశారు. ఈ సైజు సైట్‌కి వాటి మీద పెట్టే సమయంలో ఇంకో పేజీ రాసుకోవడం నయం.

లిపిమార్పు:
ఎంకేడాక్స్‌కి మారుస్తున్నాం. రెండు సందేహాలు. తెలుగు పేజీ, ఇంగ్లిష్ పేజీ రెండూ ఉండాలా? రోబోట్స్ ఫైల్ (ఏ పేజీలు చూడొచ్చో సెర్చ్ ఇంజిన్లకి చెప్పేది) రిపోలో పెట్టాం, పనిచేస్తున్నట్టు లేదు.

గోదారి_బిల్డ్స్:
రోబోట్స్ ఫైల్‌ని డొమైన్ మొదట్లోనే వెతుకుతారు. మీది ప్రాజెక్ట్ సైట్, అంటే గిట్‌హబ్ అడ్రస్ తర్వాత స్లాష్ పెట్టి రిపో పేరు వస్తుంది. అక్కడున్న రోబోట్స్ ఫైల్‌ని ఎవరూ చదవరు. మీ యూజర్ పేరుతో ఉండే మెయిన్ పేజెస్ రిపోలో పెట్టాలి, లేదా సొంత డొమైన్ తీసుకోవాలి. నిజానికి మీకు దాచాల్సిందేమీ లేదు కాబట్టి ఆ ఫైలే అక్కర్లేదు. సైట్‌మ్యాప్‌ని సెర్చ్ కన్సోల్‌లో (సైట్ ఓనర్లకి గూగుల్ ఇచ్చే టూల్) నేరుగా ఇస్తే చాలు.

సొంత డొమైన్ తీసుకుంటే సీనేమ్ ఫైల్‌ని (మీ డొమైన్ పేరు ఉండేది) డాక్స్ ఫోల్డర్‌లో పెట్టండి. ఎంకేడాక్స్‌లో సైట్‌ని పైకి పంపే జీహెచ్ డిప్లాయ్ కమాండ్ కొట్టిన ప్రతిసారీ, అది పేజెస్ బ్రాంచ్‌లో (రిపోలో సైట్ ఫైళ్లుండే భాగం) ఉన్నది తుడిచి కొత్తది పెడుతుంది. సీనేమ్ ఫైల్‌ని బ్రాంచ్‌లో చేత్తో పెట్టి ఉంటే అదీ పోతుంది, డొమైన్ ఊడిపోతుంది. సైట్ మీదేనని తేల్చుకోడానికి గూగుల్ ఇచ్చే వెరిఫికేషన్ ఫైల్‌కీ ఇదే జాగ్రత్త.

భాష సంగతి: వెతికేవాళ్లలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు, చదవడం మాత్రం తెలుగులో హాయి. అందుకని తెలుగు పేజీ టైటిల్‌లోనే ఆ ఇంగ్లిష్ అక్షరాల మాట ముందుండాలి, పక్కన తెలుగు. రెండు భాషల పేజీలూ పెడితే హెచ్‌రెఫ్‌లాంగ్ (ఇదే పేజీ ఇంకో భాషలో ఎక్కడుందో చెప్పే ట్యాగ్) రెండు వైపులా ఉండాలి. తెలుగు పేజీ ఇంగ్లిష్‌ని చూపించి, ఇంగ్లిష్ పేజీ తెలుగుని చూపించకపోతే గూగుల్ దాన్ని పట్టించుకోదు. మెషీన్ ట్రాన్స్‌లేషన్ దింపి రెండో భాష పేజీ పెట్టేకంటే ఒక్క భాషే ఉంచండి.

డీటీపీ_సెంటర్:
సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ ప్రిఫిక్స్ రకం ఎంచుకోండి. డొమైన్ రకానికి డీఎన్ఎస్ రికార్డ్ (డొమైన్ ఓనర్ మాత్రమే మార్చగలిగే సెట్టింగ్) కావాలి, గిట్‌హబ్ అడ్రస్ మీద అది మీ చేతిలో ఉండదు. సైట్‌మ్యాప్ ఇచ్చాక కన్వర్టర్ ఉన్న హోమ్ పేజీకి, యూనికోడ్ నుంచి అనూకి మార్చే పేజీ ఉంటే దానికి మాత్రం యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో రిక్వెస్ట్ ఇండెక్సింగ్ నొక్కండి. రోజూ నొక్కినంత మాత్రాన తొందరగా రాదు, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు.

నెల తర్వాత పెర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లో క్వెరీలు (జనం వెతికిన మాటలు) తెరిచి, పొజిషన్ 8కీ 20కీ మధ్య ఉన్నవి చూడండి. ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనపడటం) ఉండి క్లిక్కులు లేని మాటలు అక్కడే ఉంటాయి. ఆ మాట మీ టైటిల్‌లో, మొదటి పేరాలో ఉందో లేదో చూసి సరిచేయండి. "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్" (గూగుల్ చూసింది గానీ చేర్చుకోలేదు) అని ఏ పేజీకైనా వస్తే, తరచూ ఆ పేజీలో నాలుగు లైన్లే ఉంటాయి. దాన్ని పక్క పేజీలో కలిపేయండి.

బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో (సెర్చ్ కన్సోల్ లాంటిదే, బింగ్‌ది) కూడా చేర్చండి, సెర్చ్ కన్సోల్ నుంచే ఇంపోర్ట్ అవుతుంది. డక్‌డక్‌గో అనే ఇంకో సెర్చ్ ఇంజిన్‌కి ఫలితాలు ఎక్కువగా బింగ్ నుంచే వెళ్తాయి కాబట్టి ఒక్క పనితో రెండూ అయిపోతాయి.