ఒకే పనికి లండన్‌లో ఒక రేటు, నైరోబీలో ఒక రేటు: క్లయింట్ అడిగితే ఏం చెప్పాలి?

కీఫ్రేమ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా సరిగా నిద్ర లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఆరేళ్లుగా ఒక్కదాన్నే యానిమేషన్ వీడియోలు చేస్తున్నాను. ఒక కంపెనీ యాప్ ఏం చేస్తుందో నిమిషం, నిమిషంన్నరలో అర్థమయ్యేలా చెప్పే చిన్న వీడియోలు. పోయిన ఏడాది నైరోబీలో ఒక స్టార్టప్‌కి నిమిషం వీడియో 400 డాలర్లకు చేశాను. ఈ ఏడాది లండన్‌లో ఒక కంపెనీకి దాదాపు అంతే నిడివి ఉన్నది 1,200 డాలర్లకు చేశాను. లండన్ వాళ్లకు నా పేరు చెప్పిందే నైరోబీ వాళ్లు. వాళ్లూ వీళ్లూ మాట్లాడుకుంటారు కదా అన్న ఆలోచనే నాకు రాలేదు.

సోమవారం లండన్ నుంచి మెయిల్ వచ్చింది. మీ పని మాకు బాగా నచ్చింది, కానీ మా మిత్రులకు ఇలాంటిదే మూడో వంతు ధరకు చేశారని తెలిసింది, కారణం చెప్పగలరా అని. అంతే. ఎక్కడా కోపం లేదు. కోపంగా రాసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

నిజం చెప్పాలంటే 400 ఎందుకన్నానో, 1,200 ఎందుకన్నానో నా దగ్గర లెక్క లేదు. నైరోబీ అనగానే ఎక్కువ అడిగితే వెళ్లిపోతారని భయపడ్డాను. లండన్ అనగానే తక్కువ అడిగితే చులకన అవుతానని భయపడ్డాను. రెండుసార్లూ రేటు పెట్టింది నా భయమే.

ఇప్పుడు వాళ్లకు ఏం రాయాలి? ఇకముందు రేటు ఎలా పెట్టుకోవాలి? ఒసాకా నుంచి ఒకరు, రియాద్ నుంచి ఒకరు కొటేషన్ అడిగి కూర్చున్నారు. ఫైల్ తెరిస్తే చాలు, అంకె వేయాల్సిన చోట చెయ్యి ఆగిపోతోంది.

—

రాత్రిషిఫ్ట్

ఇంత టెన్షన్ పడకండి. మీరు తప్పేమీ చేయలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు కూడా ఒకే సబ్‌స్క్రిప్షన్‌ను ఒక్కో దేశంలో ఒక్కో ధరకు అమ్ముతాయి. నేను వెబ్‌సైట్లు చేస్తాను. దేశాలను మూడు గుంపులుగా విడదీసి పట్టిక పెట్టుకున్నాను. ఏ దేశంలో డబ్బుకు ఎంత వస్తుందో చెప్పే ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్కలు ఎవరైనా చూసుకోవచ్చు, వాటిని బట్టి గుణించుకుంటే సరిపోతుంది. లండన్ వాళ్లకు "ప్రాంతాన్ని బట్టి మా ధరలు ఉంటాయి" అని మర్యాదగా ఒక ముక్క రాసేయండి.

—

పాత_ఎడిటర్

పై జవాబు మంచి మనసుతో రాసిందే, కానీ నేను ఒప్పుకోలేను. పదకొండేళ్లుగా టెక్నికల్ పత్రాలు ఎడిట్ చేస్తున్నాను. మొదటి మూడేళ్లు నా దగ్గరా అలాంటి పట్టికే ఉండేది.

సాఫ్ట్‌వేర్ ఒకసారి తయారైతే వెయ్యో కాపీ ఇవ్వడానికి కంపెనీకి దాదాపు ఖర్చే ఉండదు. తక్కువ ధరకు ఇచ్చినా వచ్చినంత లాభమే. మన గంటలు అలా కాదు. నైరోబీకి ఇచ్చిన గంట మళ్లీ లండన్‌కు ఇవ్వలేం. పైగా కొనుగోలు శక్తి లెక్క చెప్పేది ఆ దేశంలో ధరలు ఎలా ఉన్నాయో మాత్రమే, మీ క్లయింట్ బడ్జెట్ ఎంతో కాదు. పేద దేశంలోని స్టార్టప్ వెనుక పెద్ద పెట్టుబడిదారులు ఉండొచ్చు, ధనిక దేశంలో నలుగురు నడిపే చిన్న సంస్థ చేతిలో డబ్బు లేకపోవచ్చు. దేశం పేరు చూసి రేటు పెడితే ఇద్దరి విషయంలోనూ తప్పు అంచనా వేసినట్టే.

ముందు మీ కనీస రేటు తేల్చుకోండి. ఇది క్లయింట్‌ను బట్టి మారదు, మిమ్మల్ని బట్టే ఉంటుంది. ఏడాదికి 52 వారాల్లో సెలవులకు, జ్వరాలకు ఆరు తీసేస్తే 46. వారానికి 40 గంటల చొప్పున 1,840. అందులో మెయిళ్లు, కొటేషన్లు, ఇన్వాయిస్‌లు, పని దొరకని రోజులు పోగా బిల్లు వేయగలిగేది నా అనుభవంలో అరవై శాతం, అంటే సుమారు 1,100 గంటలు. మీ ఇంటి ఖర్చు, పన్ను, సాఫ్ట్‌వేర్, రేపు మార్చాల్సిన కంప్యూటర్, కాస్త పొదుపు అన్నీ కలిపి ఏడాదికి ఎంత కావాలో దాన్ని 1,100తో భాగించండి. చాలామంది 1,840తో భాగించుకుని, ఏడాది చివర డబ్బు ఎందుకు చాలలేదో తెలియక బాధపడతారు.

ఆ కనీస రేటుకు పైన, ఆ క్లయింట్‌తో పని చేయడానికి నిజంగా ఎంత ఖర్చవుతుందో కలపండి. ప్రాంతం అనేది లెక్కలోకి వచ్చేది ఇక్కడే.

డబ్బు చేరే దారినే తీసుకోండి. ఫ్రీలాన్స్ పనులు అమ్ముకునే ఫైవర్ సైట్‌లో అమ్మేవారి నుంచి 20 శాతం తీసుకుంటారు. చేతికి 1,000 రావాలంటే 1,200 అని వేస్తారు చాలామంది, అప్పుడు వచ్చేది 960. వేయాల్సింది 1,250. బ్యాంకు నుంచి నేరుగా పంపితే ఇంకో సంగతి ఉంది. ఒకసారి నా ఇన్వాయిస్ 1,500 డాలర్లకు ఖాతాలో పడింది 1,457. క్లయింట్ చూపించిన రసీదులో 1,500 అనే ఉంది. మధ్యలో ఉన్న బ్యాంకులు వాటి చార్జీలు కోసుకున్నాయి. దేశాల మధ్య బ్యాంకులు వాడే స్విఫ్ట్ బదిలీలో చార్జీలు ఎవరు భరించాలో పంపేవారే ఎంచుకుంటారు. 'అవర్' అని ఎంచుకుంటే పంపేవారు, 'బెన్' అయితే మనం, 'షా' అయితే ఇద్దరం భరిస్తాం. అప్పటినుంచి నా ప్రతి ఇన్వాయిస్ కింద 'అవర్' అనే ఆ ఒక్క పదం రాస్తున్నాను.

కరెన్సీ విషయంలో నాకు గట్టి దెబ్బే తగిలింది. 2022 మొదట్లో ఒక జపాన్ క్లయింట్‌తో రెండున్నరేళ్ల ఒప్పందం యెన్‌లలో రాసుకున్నాను. అప్పుడు డాలర్‌కు 115 యెన్‌లు. 2024 జూన్ చివరికి 160 దాటింది. నేను డాలర్లలో లెక్క చూసుకునేదాన్ని, ఒప్పందం ముగిసేనాటికి అదే పనికి నాలుగో వంతుకు పైగా తక్కువ వస్తోంది. వాళ్లు ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు, మాట తప్పలేదు. నేనే ఒప్పందంలో మారకం రేటు గురించి ఒక్క వాక్యం రాసుకోలేదు. మీ ఒసాకా కొటేషన్‌లో ధరకు 30 రోజుల గడువు పెట్టండి. పని నెలలు సాగేదైతే, మారకం రేటు ఐదు శాతం కంటే ఎక్కువ కదిలితే ధర మళ్లీ మాట్లాడుకుందాం అని రాయండి.

ఒసాకా గురించే ఇంకో మాట. జపాన్‌లో విదేశీయులకు కాపీరైట్ హక్కుల కింద చెల్లించే డబ్బులో 20.42 శాతం ముందే పన్నుగా మినహాయించుకునే నియమం ఉంది. మీ దేశానికీ జపాన్‌కూ పన్ను ఒప్పందం ఉంటే అది తగ్గొచ్చు, కానీ దానికోసం పెట్టే ఫారం చెల్లింపుకు ముందే దాఖలు కావాలి. మీ వీడియో హక్కులు వాళ్లకు రాసిస్తున్నారా అన్నదాన్ని బట్టి ఇది వర్తిస్తుందో లేదో తేలుతుంది. కొటేషన్ పంపకముందే వాళ్ల అకౌంటెంట్‌ను అడగండి. అమెరికా క్లయింట్లు డబ్ల్యూ-8బెన్ అనే ఫారం అడుగుతారు, మనం అమెరికా వాళ్లం కాదని చెప్పే పన్ను ఫారం అది. పని అమెరికా బయట చేస్తే ఆ ఆదాయానికి అక్కడ ముందే కోసుకునే 30 శాతం పన్ను వర్తించదు, ఫారం చూసి కంగారు పడక్కర్లేదు.

రియాద్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. ఆదివారం పొద్దున్నే మార్పులు వస్తాయి. మీకు ఆదివారం సెలవైతే, సోమవారం జవాబిస్తానని ముందే చెప్పండి. ఆదివారం కూర్చోవాల్సిందే అంటే దానికి రేటు వేయండి.

ఇవన్నీ చూశాక కూడా లండన్, నైరోబీల మధ్య తేడా మూడింతలు రాదు. అందుకే ఒక పని చేయండి. ఆ రెండు వీడియోలకు ఎన్నేసి గంటలు పట్టాయో రాసి పెట్టుకున్నారా? జవాబు రాసేముందు అది చూడండి.

—

మైక్‌ముందు

నేను వాయిస్ ఓవర్ చేస్తాను. మా దగ్గర ప్రాంతాన్ని బట్టి రేటు మారడం మామూలే, కానీ క్లయింట్ ఉండే ప్రాంతాన్ని బట్టి కాదు, నా గొంతు వినిపించే ప్రాంతాన్ని బట్టి. స్టూడియోలో గంట చదివినందుకు ఒక రేటు. ఆ రికార్డింగ్ ఎక్కడ, ఎంతకాలం, ఏ మాధ్యమంలో వాడతారో దానికి వేరే రేటు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంచుకోవడం ఒకటి, ఏడాదిపాటు ఐదు దేశాల్లో డబ్బు కట్టి ప్రకటనగా నడపడం ఇంకొకటి. ఇలా చెబితే ఇంతవరకూ ఎవరూ నాతో గొడవ పడలేదు, ఎందుకంటే ఎక్కువ వాడుకునేవాళ్లే ఎక్కువ ఇస్తున్నారు.

మీ లండన్ వాళ్లు వీడియోను ఎక్కడ వాడుతున్నారో చూశారా? ఒప్పందంలో వాడుక గురించి ఏమైనా రాశారా?

బడ్జెట్ నిజంగా తక్కువున్న క్లయింట్ వస్తే నేను రేటు తగ్గించను, పని తగ్గిస్తాను. ఒకే టేక్, ఒకే సవరణ, గడువు నా వీలును బట్టి. మీ పనిలో అయితే రెడీమేడ్ సంగీతం, తక్కువ సీన్లు, సోర్స్ ఫైల్స్ ఇవ్వకపోవడం లాంటివి. ఆ చిన్న ప్యాకేజీ లండన్ వాళ్లు అడిగినా అదే ధరకు ఇస్తాను.

—

రాత్రిషిఫ్ట్

ఎడిటర్ గారూ, గంటలు కాపీ కావు అన్న మాట నేను ఈ కోణంలో ఆలోచించలేదు. అయినా నా పట్టిక మొత్తం తీసేయను. కొత్తగా మొదలుపెట్టినప్పుడు తక్కువ రేటు దేశాల నుంచే నాకు పని దొరికింది, వాళ్లే నాకు పేరు తెచ్చారు. కానీ ఆ రేట్లలో రెండు నా కనీస రేటు కంటే కింద ఉన్నాయి, ఇప్పుడే లెక్కేశాను. అవి ఈ నెలలోనే మారుస్తాను.

—

కీఫ్రేమ్

అందరికీ చేతులెత్తి దండం. మైక్‌ముందు గారూ, ఎడిటర్ గారూ, మీ జవాబులు రెండేసిసార్లు చదివాను.

గంటలు రాసుకునే అలవాటు నాకుంది, కానీ ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు. నిన్న రాత్రి తీసి మొత్తం కలిపి చూశాను. నైరోబీ వీడియోకి 19 గంటలు. స్క్రిప్ట్ వాళ్లే ఇచ్చారు, స్టోరీబోర్డ్ మొదటిసారే ఒప్పుకున్నారు, ఒక్క సవరణతో అయిపోయింది. లండన్ వీడియోకి 41 గంటలు. ఐదు విడతల సవరణలు. మూడో విడతలో వాళ్ల లీగల్ టీమ్ స్క్రీన్ మీద ఒక వాక్యం మార్చమంది, దానికోసం పదకొండు సెకన్ల సీన్ మొత్తం మళ్లీ చేశాను. నాలుగో విడతలో పాత వాక్యమే బాగుందన్నారు. అంటే నైరోబీలో నాకు గంటకు 21 డాలర్లు వచ్చింది, లండన్‌లో 29. మూడింతలు అనుకున్న తేడా నిజానికి అంతే.

ఎడిటర్ గారి లెక్క ప్రకారం నా కనీస రేటు గంటకు 27 వచ్చింది. లండన్ వాళ్ల దగ్గర ఎక్కువ తీసుకున్నానేమో అని నాలుగు రోజులు సిగ్గుపడ్డాను. తీరా చూస్తే నేను నష్టపోయింది నైరోబీలో.

వాడుక సంగతి కూడా నిజమే. లండన్ వాళ్లు నా వీడియోను మూడు దేశాల్లో ప్రకటనగా నడుపుతున్నారు, వాళ్ల పేజీలోనే కనిపించింది. నేను రాసిన ఒప్పందంలో దాని ఊసే లేదు. అయిపోయిన దానికి ఇప్పుడు అడగను, ఒప్పందంలో రాయకపోవడం నా పొరపాటు.

లండన్‌కు ఉన్నదున్నట్టు రాశాను. రెండు వీడియోల గంటలు, సవరణల సంఖ్య, వాడుకలో తేడా. మొదటి క్లయింట్‌కు నా కనీస రేటు కంటే తక్కువకు చేశానని, అది నా లెక్క తప్పేనని కూడా రాశాను. ఆ వాక్యం మూడుసార్లు తీసేసి మళ్లీ పెట్టాను. వాళ్ల తర్వాతి వీడియోకి ఒక ప్రతిపాదన జతచేశాను: వాళ్ల వైపు నుంచి ఒక్కరే ఆమోదించాలి, రెండు విడతల సవరణలు, ఏడాదిపాటు ప్రకటన హక్కు, 950 డాలర్లు. 28 గంటలకు 27 చొప్పున 756, దానిమీద హక్కుకు పాతిక శాతం, పైన మిగిలింది బ్యాంకు చార్జీలకు.

ఈరోజు మధ్యాహ్నం జవాబు వచ్చింది. 950కి సరేనన్నారు. లీగల్ టీమ్ స్క్రిప్ట్ దశలోనే చూసి సంతకం పెడుతుందట. నైరోబీ వాళ్లకు కూడా రాశాను, వచ్చే వీడియో 520 అవుతుందని, గంటల లెక్కతో సహా. వాళ్ల జవాబు ఇంకా రాలేదు. ఒసాకా అకౌంటెంట్‌కు పన్ను గురించి అడుగుతూ మెయిల్ పంపాను, రియాద్ కొటేషన్ ఇప్పుడు రాయబోతున్నాను.