ఓడిన రాత్రి ఒబామా చేసిన ప్రసంగం నుంచి ధైర్యం తెచ్చుకోవడం అమాయకత్వమా?

ప్రశ్న – అశోక్‌నగర్ అభ్యర్థి

గ్రూప్-1 మెయిన్స్ ఫలితాల్లో ఈసారి కూడా నా నంబరు లేదు. ఇంగ్లిషు పేపరు కోసం ప్రసిద్ధ ప్రసంగాలు చదివే క్రమంలో, 2008 జనవరి 8న న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో (పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునేందుకు రాష్ట్రాలవారీగా జరిగే పోటీలో) హిల్లరీ క్లింటన్ చేతిలో ఓడిపోయిన రాత్రి బరాక్ ఒబామా నాషువా పట్టణంలో చేసిన ప్రసంగం నా కంటబడింది. అయిదు రోజుల ముందు అయోవాలో గెలిచి, సర్వేలన్నీ తనవైపే ఉన్నాయని నమ్మిన మనిషి, ముందుగా ప్రత్యర్థిని అభినందించి, ఆ తరువాత బానిసత్వాన్ని ఎదిరించినవారినీ, ఓటు హక్కు కోసం పోరాడిన స్త్రీలనూ తలచుకుంటూ ‘మనం చేయగలం’ అని జనం చేత అనిపించిన తీరు నన్ను కదిలించింది. మూసిపెట్టిన పుస్తకాలు మళ్లీ తెరిచాను. అయితే, ఓట్ల కోసం ఎవరో రాసిపెట్టిన మాటలకు ఇంత పొంగిపోవడమేమిటని నా గదిలోని వారు నవ్వుతున్నారు. వారి మాటలోనూ న్యాయం ఉన్నట్టు తోస్తోంది. ఎన్నికల ప్రసంగం నుంచి వ్యక్తిగతమైన స్ఫూర్తి తీసుకోవచ్చునా?

జవాబు – ఎడిసన్ నుంచి

ఆ రోజుల్లో నేను న్యూజెర్సీలో హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. నాకు ఓటు లేదు గనుక ఆ ప్రసంగం నన్ను ఏమీ అడగలేదు. బహుశా అందుకే నింపాదిగా వినగలిగాను. మీకూ అదే వెసులుబాటు ఉంది.

‘ఎవరో రాసిపెట్టారు’ అన్నది నిజమే. అప్పటికి ఇరవై ఆరేళ్లున్న జాన్ ఫావ్రో ఒబామాకు ప్రసంగాలు రాసేవాడు. పైగా అది గెలుపును ఊహించి సిద్ధం చేసుకున్న ప్రసంగం. ఫలితం తారుమారయ్యాక కొద్దిపాటి మార్పులతో దానినే చదివారు. ఈ సంగతి తెలిశాక నాకు దాని మీద గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు. గెలిచిన రాత్రి ఆ మాటలే పలికి ఉంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉండేది. ఓటమి వాటికి బరువు తెచ్చింది.

జవాబు – తెనాలి మాస్టారు

అమ్మాయీ, మీ గదిలోని వారి అనుమానాన్ని అంత తేలికగా కొట్టివేయకండి. 1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ ప్రకటించి చైతన్య రథమెక్కి ఊరూరా ఆత్మగౌరవమని నినదించినప్పుడు, ఆ మాట విని ఒళ్లు పులకరించిన వారిలో నేనూ ఒకణ్ణి. తొమ్మిది నెలలు గడిచేసరికి 1983 జనవరి ఎన్నికల్లో ఆయన గెలిచారు. ఆ తరువాతి రాజకీయాలన్నీ చూసిన మీదట నాకు అర్థమైనది ఒకటి: మాటతో పాటు మనిషిని కూడా నెత్తిన పెట్టుకుంటే, ఆయన తడబడిన రోజున మనమూ తడబడతాం. ఒబామానే తీసుకోండి. ఉగ్రవాద అనుమానితులను బంధించి ఉంచిన గ్వాంటనామో జైలును ఏడాదిలోగా మూసివేయాలని పదవిలోకి వచ్చిన మూడో రోజునే, 2009 జనవరి 22న, ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఎనిమిదేళ్లు పాలించి దిగిపోయేనాటికి కూడా అది మూతపడలేదు. మీ పరీక్ష ఆయన ప్రతిష్ఠ మీద ఆధారపడకూడదు.

జవాబు – ఎడిసన్ నుంచి

మాస్టారూ, మీ హెచ్చరికతో నాకు పేచీ లేదు. అయినా ఆ ప్రసంగంలో మనిషితో నిమిత్తం లేకుండా తీసుకోదగినది ఒకటి ఉంది, దానిని చాలామంది గమనించరు. చివరికి వచ్చేసరికి స్పార్టన్‌బర్గ్‌లోని బట్టల మిల్లు కార్మికుడి కష్టమూ, లాస్ వేగాస్‌లో గిన్నెలు కడిగే కార్మికుడి కష్టమూ ఒకటేనని చెప్పి, డిల్లన్‌లోని శిథిలమైన బడికి వెళ్లే పాప ఆశలను లాస్ ఏంజెలిస్ వీధుల్లో పెరిగే పిల్లవాడి కలలతో జోడిస్తారు. వినడానికి కవిత్వంలా ఉంటుంది. కాని లాస్ వేగాస్ ఉన్న నెవాడాలో పోటీ జనవరి 19న. స్పార్టన్‌బర్గ్, డిల్లన్ ఉన్న సౌత్ కరోలినాలో జనవరి 26న. కాలిఫోర్నియాలో ఫిబ్రవరి 5న. అంటే ఓడిపోయి గంటలు గడవకముందే, ఆవేశం నిండిన వాక్యాల మధ్య, రాబోయే పోటీల పట్టిక అంతా పొదిగి ఉంది! వాటిలో సౌత్ కరోలినా ఒక్కటే ఆయనకు స్పష్టంగా దక్కింది. నెవాడాలో ఓట్లు క్లింటన్‌కు ఎక్కువ వచ్చినా అభ్యర్థిని ఎన్నుకునే పార్టీ ప్రతినిధుల లెక్కలో ఒబామా ఒక్క అడుగు ముందున్నారు. కాలిఫోర్నియాలో మళ్లీ ఓడిపోయారు. అయినా జూన్ నాటికి పార్టీ అభ్యర్థిత్వం ఆయనదే అయింది.

అడిగినవారు – అశోక్‌నగర్ అభ్యర్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ ఊళ్ల పేర్లను నేను కేవలం అలంకారాలనుకుని దాటివేశాను. గ్రూప్-2కు దరఖాస్తు చేయాలా, మరో ఏడాది మెయిన్స్ కోసమే కూర్చోవాలా అని తేల్చుకోలేకపోతున్న నాకు, ఫలితం వచ్చిన నాడే తరువాతి తేదీలు పక్కన పెట్టుకోవడమన్నది ‘మనం చేయగలం’ కన్నా ఎక్కువ పనికొస్తుంది. రెండింటికీ చదవాలనే అనుకుంటున్నాను. మాస్టారూ, ఇది మనిషిని నెత్తిన పెట్టుకోవడం కాదు కదా?

జవాబు – తెనాలి మాస్టారు

కాదు, నిశ్చింతగా చదువుకోండి. ఓటమి ప్రసంగాలే చదవాలనుకుంటే ఒబామా ఒక్కరితో ఆగకండి. 2008 నవంబరు 4న ఫీనిక్స్‌లో, అధ్యక్ష ఎన్నికల్లో ఒబామాతో తలపడిన జాన్ మెకెయిన్ తన ఓటమిని అంగీకరిస్తూ మాట్లాడినది కూడా వినండి. ఒబామా పేరెత్తగానే సొంత అభిమానులు ఈసడింపుగా అరుస్తుంటే, చేయెత్తి వారిని ఆపి, గెలిచినవాడిని మెచ్చుకున్నారు. ఆ అధ్యక్ష పోటీలో ఆయనకు గెలవవలసిన ప్రైమరీ ఏదీ మిగలలేదు గనుక, అందులో మీకు పనికొచ్చే తేదీలేవీ దొరకవు.