అప్‌డేట్: బంచరాయిలో వయ్యారిభామ, కలుపు మందు

మా ఊరి బంచరాయిని (పశువులు మేసే ఉమ్మడి భూమిని) కమ్మేసిన వయ్యారిభామ (పార్థీనియం) అనే విషపు కలుపు మొక్కపై ఏ కలుపు మందు కొట్టాలో, ఆ తర్వాత గొర్రెలను ఎప్పుడు తోలవచ్చో జూన్‌లో అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

గ్లైఫోసేట్ అనే కలుపు మందు గడ్డిని కూడా చంపుతుందని, దాని వాడకాన్ని చీడపీడల నియంత్రణ నిర్వాహకులకే (పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే) పరిమితం చేస్తూ 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చిందని తెలిసి ఆ ఆలోచన మానుకున్నాము. 2,4-డి అనే మరో కలుపు మందు గడ్డిని వదిలి వెడల్పాకు మొక్కలనే చంపుతుంది. దానిని నేలలోని సూక్ష్మజీవులు సాధారణంగా కొన్ని వారాల్లో విచ్ఛిన్నం చేస్తాయి. అయితే అది మట్టికి గట్టిగా అంటుకోదు కనుక, కొట్టిన వెంటనే వాన పడితే చెరువులోకి కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన మాట మరొకటి: మందు పడి వాడిపోతున్న విషపు మొక్కలను పశువులు మామూలుకన్నా ఇష్టంగా మేసే అవకాశం ఉంటుందట. కాపరులందరికీ ఇంటింటికీ వెళ్లి ఈ సంగతి చెప్పాము.

చివరకు చెరువు వైపు మొక్కలను పూతకు ముందే, నేల తడిగా ఉండగా, చేతి తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకాము. ఎగువన మాత్రమే, గాలీ వానా లేని రోజు చూసి 2,4-డి కొట్టి, మొక్కలు పూర్తిగా ఎండి రాలేదాకా మందలను అటు తోలలేదు. కొన్ని తంగేడు పొదలు కూడా ఎండిపోయాయి. అది నాకు నిజంగా బాధ కలిగించింది. గడ్డి తేరుకుంటోంది, కానీ నేలలో మిగిలిన విత్తనాలు ప్రతి వానకూ మొలుస్తున్నందున వారానికొకసారి మొలకలను పీకుతున్నాము.